జులై నాలుగు: రాసిన తేదీలు, రాయని తేదీలు

జులై 4 ఉదయం మా హాస్టల్ ప్రార్థన సమయంలో రెండు ఫొటోలకు దండలు వేస్తాం. ఒకటి అల్లూరి సీతారామరాజుది. అది ఆయన పుట్టిన రోజు. రెండోది పింగళి వెంకయ్య గారిది. అది ఆయన కన్నుమూసిన రోజు. మొదటి ఏడాది ఒక ఆరో తరగతి పాప చెయ్యెత్తి అడిగింది: "మేడమ్, పుట్టినరోజుకీ పోయినరోజుకీ ఒకే రకం దండ వేస్తారా?" పిల్లలు నవ్వారు గానీ, ప్రశ్న మంచిదే.

1897 జులై 4న ఇప్పటి విశాఖపట్నం జిల్లా పాండ్రంగిలో రాజు పుట్టాడు. కొన్ని పుస్తకాల్లో 1898 అని కూడా ఉంటుంది. 1963 జులై 4న విజయవాడలో వెంకయ్య గారు పోయారు. ఈ రెండింటి మధ్యలో 1946 జులై 4 ఉంది. ఆ రోజు నల్గొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు పడిపోయాడు. ముగ్గురూ తెలుగువాళ్లే. ఒకరు మన్యానికి, ఒకరు జెండాకు, ఒకరు భూమికి గుర్తుగా మిగిలారు.

ఒక తేదీన జరిగిన విశేషాల పట్టిక ఏ దినపత్రికలోనైనా రోజూ వస్తుంది. మన గిరిజన సంఘం సావనీర్ కోసం నేను చూడదలచుకున్నది ఆ పట్టిక కాదు. ఒక మనిషి తేదీ క్యాలెండర్‌లోకి ఎలా ఎక్కుతుంది, ఎవరు రాస్తే ఎక్కుతుంది అన్నది. రోజూ అడ్మిషన్ రిజిస్టర్ ముందు కూర్చునే నాకు ఇది చరిత్ర ప్రశ్న మాత్రమే కాదు.

ముందు మన దగ్గరి మనిషితో మొదలుపెడతాను. ఉయ్యూరు నుంచి పామర్రు మీదుగా కూచిపూడి, మొవ్వ వైపు వెళ్తే భట్లపెనుమర్రు వస్తుంది. వెంకయ్య గారు పుట్టింది అక్కడే. ప్రభుత్వం ఆయన జయంతి జరిపేది 1876 ఆగస్టు 2 లెక్కన. 1878 అనే పుస్తకాలూ ఉన్నాయి. పందొమ్మిదేళ్లకే సైన్యంలో చేరి దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి వెళ్లారు. తిరిగొచ్చాక పత్తి రకాల మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య అయ్యారు. జపనీస్ నేర్చుకుని బాపట్లలో ఆ భాషలోనే ప్రసంగించి జపాన్ వెంకయ్య అయ్యారు. చివరికి జెండా వెంకయ్యగా మిగిలారు. 1916లోనే జాతీయ జెండాకు ముప్పై నమూనాలతో పుస్తకం అచ్చువేశారు. అప్పట్లో ఆయన మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు చెందినవారు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానించింది అక్కడే. గాంధీజీకి వెంకయ్య గారు ఎరుపు, ఆకుపచ్చ రంగులతో రాట్నం గుర్తుతో జెండా చూపించిందీ అక్కడే. తెలుపు కూడా ఉండాలని గాంధీజీ అన్నారు. తర్వాత రంగులు మారాయి. రాట్నం స్థానంలో అశోకచక్రం వచ్చింది. 1947 జులై 22న రాజ్యాంగసభ దాన్ని ఆమోదించింది. ఆ జెండా తొలి రూపం గీసిన మనిషి మాత్రం పేదరికంలోనే వెళ్లిపోయారు. ఆయన పేరు మీద తపాలా బిళ్ల రావడానికి 2009 దాకా పట్టింది. అంటే చనిపోయిన నలభై ఆరేళ్లకు.

బెజవాడ తీర్మానాల గాలి మన్యం దాకా వీచింది. ఆ సంగతి మన పిల్లలకు చెప్పేటప్పుడు మనం తరచు వదిలేస్తాం. సీతారామరాజు 1917లో కృష్ణదేవిపేట చేరాడు. సహాయ నిరాకరణ రోజుల్లో ఆయన మన్యం గూడేల్లో కల్లు మానమని, తగవులు కచేరీలకు కాకుండా పంచాయతీల్లో తీర్చుకోమని, ఖద్దరు కట్టమని చెప్పాడు. బెజవాడ సభలో చెప్పిన మాటలే ఇవి. అయితే కొండమీద సమస్య వేరు. అక్కడ రాట్నం కంటే ముందు పోడు కావాలి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండవాలులో పోడు కొట్టుకోవడం నేరమైంది. తాతల నాటి నుంచి తింటున్న దుంప తవ్వినా, కట్టె కొట్టినా గార్డుకు లంచం. పైగా గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయించేటప్పుడు గిరిజనులతో నామమాత్రపు కూలికి వెట్టి చేయించాడు. అడిగినవాళ్లకు దెబ్బలు. బట్టిపనుకుల మునసబు గాం గంటం దొరను ఉద్యోగం నుంచి తీసేశారు.

తర్వాత జరిగిందానికి తేదీలు గంట కొట్టినట్టు స్పష్టంగా ఉన్నాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషను. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు ఠాణాలు, ఇరవై ఆరు తుపాకులు. రాజవొమ్మంగి లాకప్‌లో ఉన్న మొట్టడం వీరయ్య దొరను విడిపించుకున్నారు. ఎన్ని ఆయుధాలు తీసుకున్నదీ స్టేషన్ పుస్తకంలోనే రాసి రాజు సంతకం పెట్టాడు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. తర్వాత మలబారు పోలీసులు, ఆపైన అస్సాం రైఫిల్స్ దిగాయి. 1924 మే 7న మంప దగ్గర రాజును పట్టుకుని, కొయ్యూరులో చెట్టుకు కట్టి, విచారణ లేకుండా కాల్చారు. కాల్పించింది మేజర్ గుడాల్. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

ఇంత కచ్చితంగా తేదీలు ఎలా తెలుసు? ఒక్కసారి ఆలోచించండి. స్టేషన్ డైరీలు, కలెక్టరు ఉత్తరాలు, మిలిటరీ రిపోర్టులు. మన్యం పితూరీకి రోజువారీ లెక్క రాసింది పితూరీని అణచడానికి వచ్చినవాళ్లే. అందువల్ల మనకు దాడుల తేదీలు తెలుసు, అరెస్టుల తేదీలు తెలుసు, చంపిన తేదీ తెలుసు. ఆ మూడు ఠాణాల మీదికి నడిచిన గిరిజనులు ఏ రోజున పుట్టారో చెప్పే కాగితం మాత్రం ఆ ఫైళ్లకు అక్కర్లేదు. గాం గంటం దొర, గాం మల్లు దొర, మొట్టడం వీరయ్య దొర, గోకిరి ఎర్రేసు, బోనంగి పండు పడాల్. ఈ పేర్లు మన పాటల్లో, నాటకాల్లో ఉన్నాయి. వీరి జయంతి అని ఏ క్యాలెండర్‌లోనూ ఎర్ర అంకె లేదు.

రాజు పుట్టుకతో గిరిజనుడు కాడు, భీమవరం దగ్గరి మోగల్లు క్షత్రియ కుటుంబం వాడు. నాన్నగారు వెంకటరామరాజు ఫొటోగ్రాఫరు. చదువుకున్న కుటుంబం, అందుకే తేదీ రాసుకుంది. ఇది తప్పు పట్టడానికి అనడం లేదు. ఆయనను మన్యం తన కొడుకుగా ఒప్పుకుంది, అందులో రెండో మాట లేదు. 2022 జులై 4న నూట పాతికేళ్ల ఉత్సవాలు మొదలై, భీమవరంలో ముప్పై అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించినప్పుడు మా పిల్లలంతా టీవీ ముందు కూర్చున్నారు. అదే ఏడాది ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఆయన పేరుతో జిల్లా వచ్చింది. నాకు గుర్తొచ్చేది గంటం దొర. రాజు పోయిన కొద్ది వారాలకే ఆయననూ చంపేశారు.

మల్లు దొర కథ పిల్లలకు నేను ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే అది సినిమాల్లో రాదు. 1923లో పట్టుబడ్డాడు. ఏళ్ల తరబడి జైలు. స్వతంత్రం వచ్చాక 1952లో జరిగిన మొట్టమొదటి లోక్‌సభ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి పార్లమెంటుకు వెళ్లాడు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, రెండో సభ్యుడు లంకా సుందరం. ముప్పై ఏళ్ల కిందట ఠాణా మీదికి బాణం పట్టుకుని వెళ్లిన మనిషి ఢిల్లీలో ప్రమాణం చేశాడు. ఆ మాట చెప్పినప్పుడు మా పిల్లలు ఒక్క క్షణం మాట్లాడరు.

ఇక 1946 జులై 4. జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషుల ఆగడాలకు ఎదురు తిరిగిన సంఘం వాళ్లు ఊరేగింపుగా వెళ్తుంటే గడీ దగ్గర నుంచి కాల్పులు జరిపారు. ముందు వరసలో ఉన్న దొడ్డి కొమరయ్య చనిపోయాడు. గొర్రెలకాపరి కుటుంబం, ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. తెలంగాణ సాయుధ పోరాటానికి నాంది అని ఆ రోజునే చెబుతారు. మన లంబాడీ సోదరులు గుర్తుంచుకోవలసింది ఇంకొకటి ఉంది. అదే దేశ్‌ముఖ్ చేతుల్లో ధర్మాపురం తండా భూములు నలిగాయి. ఆ తండావాళ్లు తిరగబడ్డారు, జాటోతు ఠానూ నాయక్ ఆ పోరాటంలోనే ప్రాణమిచ్చాడు. కొమరయ్యకు జులై 4 మిగిలింది. తండాకు ఏ తేదీ మిగిలింది?

కడవెండిలో కొమరయ్య పడిపోయిన ఆ రోజే, సముద్రాల అవతల మనీలాలో అమెరికా జెండా దించి ఫిలిప్పీన్స్ జెండా ఎగరేశారు. స్వతంత్రం ఇచ్చిన అమెరికా తన పండగ రోజునే ఎంచుకుంది. ఫిలిప్పీన్స్ వాళ్లకు అది నచ్చలేదు. 1962లో వాళ్ల అధ్యక్షుడు మకపగాల్ స్వాతంత్ర్య దినాన్ని జూన్ 12కు మార్చారు. 1898లో తమ నాయకులు స్పెయిన్ నుంచి స్వతంత్రం ప్రకటించుకున్నది ఆ రోజునే. పెద్దవాడు ఇచ్చిన తేదీ వద్దని, తాము తీసుకున్న తేదీ కావాలని ఒక దేశం చట్టం చేసుకుంది.

ఆ అమెరికా తేదీ సంగతి కూడా చూద్దాం. 1776 జులై 4న పదమూడు వలసల ప్రతినిధులు స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించారు. నిజానికి స్వతంత్రం కావాలని ఓటు వేసింది జులై 2న. ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. కాగితం మీద అచ్చయిన తేదీ జులై 4 కాబట్టి అదే పండగ అయింది. (ఆగస్టు 2 అంటే వెంకయ్య గారి పుట్టినరోజు, సరిగ్గా వందేళ్ల తర్వాత. ఇలాంటివి పిల్లలకు చెబితే తేదీలు బాగా గుర్తుంటాయి, బోధనా పద్ధతిగా మాత్రమే చెబుతున్నాను.) యాభై ఏళ్లు తిరిగేసరికి, 1826 జులై 4న, ఆ ప్రకటన రాసిన జెఫర్సన్, ఆయన తోటివాడు జాన్ ఆడమ్స్ ఇద్దరూ ఒకే రోజు చనిపోయారు. ఇద్దరూ అధ్యక్షులుగా చేసినవారే.

మనుషులంతా సమానంగా పుట్టారని చెప్పిన ఆ కాగితంలోనే, కిందికి వెళ్తే, రాజు మీద ఫిర్యాదుల వరసలో, ఆ నేల మీద ముందు నుంచీ ఉన్న ఆదివాసీ జాతులను దయాదాక్షిణ్యాలు లేని అనాగరికులుగా పేర్కొన్నారు. మన పాఠ్యపుస్తకాల్లో మొదటి సగమే చెబుతారు. గిరిజన పిల్లలకు చరిత్ర చెప్పేవాళ్లు రెండో సగం కూడా చెప్పాలని నా అభిప్రాయం. ఆ దేశంలో బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1852లో జులై 5న ప్రసంగిస్తూ, మీ జులై నాలుగు బానిసకు ఏమవుతుందని నిలదీశాడు.

అక్కడి ఆదివాసులకు అమెరికా పౌరసత్వం ఇచ్చే చట్టం మీద సంతకం చేసిన అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్. ఆయన పుట్టింది 1872 జులై 4న. అమెరికా అధ్యక్షుల్లో ఆ తేదీన పుట్టినవాడు ఆయనొక్కడే. సంతకం చేసింది 1924 జూన్ 2న. కొయ్యూరులో రాజును కాల్చిన ఇరవై ఆరు రోజులకు. అప్పటికి వాళ్ల స్వాతంత్ర్య ప్రకటనకు నూట నలభై ఏడేళ్లు దాటాయి. పౌరసత్వం వచ్చినా అరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రాల్లో ఆదివాసులు ఓటు కోసం 1948 దాకా ఆగవలసి వచ్చింది. ఇక్కడ మనకు 1951-52 ఎన్నికల్లోనే ఓటు వచ్చింది. మల్లు దొర ఆ ఓట్లతోనే ఢిల్లీ వెళ్లాడు. రెండు దేశాల మధ్య తేడా నాలుగేళ్లే.

ఆ రోజున ఇంకా చాలామంది ఉన్నారు. 1902 జులై 4న బేలూరు మఠంలో స్వామి వివేకానంద కన్నుమూశారు. 1934లో అదే తేదీన మేరీ క్యూరీ పోయారు. రేడియం మీద చేసిన పనే ఆమె ప్రాణం తీసింది. సైన్సు ఇష్టపడే పిల్లలకు నేను ఆమె గురించి వేరుగా చెబుతాను. రెండుసార్లు తాత్కాలిక ప్రధానిగా ఉన్న గుల్జారీలాల్ నందా 1898లో ఆ రోజున పుట్టారు. సంగీత దర్శకుడు కీరవాణి గారు 1961లో. అల్లూరి, కొమరం భీం పాత్రలతో వచ్చిన సినిమాకు పాటలు కట్టిన ఆయన అల్లూరి పుట్టినరోజునే పుట్టారని చెబితే, ఆ రోజు మొత్తంలో పిల్లలకు బాగా గుర్తుండేది అదే. నేనేం చేయను!

కొమరం భీం పేరు వచ్చింది కాబట్టి జోడేఘాట్ సంగతి చెప్పాలి. నిజాం పోలీసులతో పోరాడుతూ భీం 1940లో అక్కడ చనిపోయాడు. ఏ తేదీ అంటే పుస్తకాల్లో ఒకచోట సెప్టెంబరు, మరోచోట అక్టోబరు. గోండు సోదరులకు ఆ గొడవ లేదు. దసరా తర్వాత వచ్చే ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో వర్ధంతి జరుపుతారు. ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది, చంద్రుడు మారడు. వాళ్లు గుర్తుపెట్టుకున్నది చంద్రుణ్ణి. మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమికి. అంత దూరం ఎందుకు, మన ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్ల మాఘ శుద్ధ ఏకాదశికి మొదలవుతుంది. ఏకాదశి తెలిస్తే చాలు, తేదీ ఎంత అని ఎవరూ అడగరు.

మనవాళ్లకు తేదీలు తెలియవని అనేవాళ్లకు నేను బిర్సా ముండా ఉదాహరణ చెబుతాను. ఆయన పుట్టినరోజు 1875 నవంబరు 15 అని ప్రభుత్వం 2021 నుంచి ఆ రోజును జనజాతీయ గౌరవ దినోత్సవంగా జరుపుతోంది. ముండాల ఆచారంలో పుట్టిన వారం మీద బిడ్డకు పేరు పెడతారు. గురువారం పుట్టాడు కాబట్టి, అంటే బృహస్పతివారం, బిర్సా అన్నారని చెబుతారు. క్యాలెండర్ వెనక్కి లెక్కపెట్టి చూడండి, 1875 నవంబరు 15 సోమవారం. 2021లో మొదటిసారి ఉత్సవం జరిగిన నవంబరు 15 కూడా సోమవారమే. మరి గురువారం ఏమైంది? తల్లి పెట్టిన పేరు ఒకటి చెబుతోంది, తర్వాత ఎవరో రాసిన తేదీ మరొకటి చెబుతోంది. నన్నడిగితే నేను తల్లినే నమ్ముతాను. మధ్య భారతంలో ఆదివాసీ ఊళ్లలో సోమారు, మంగ్రు, బుధు, శుక్రు అనే పేర్లు ఇప్పటికీ వినబడతాయి. అవి పేర్లే కాదు, ఒక రకం జనన నమోదు.

మన డెల్టాలో వయసు లెక్క ఉప్పెనతో. నాగాయలంక, కోడూరు వైపు నుంచి వచ్చే యానాది పెద్దవాళ్లను వయసు అడిగితే "ఉప్పెన నాటికి నేను నడుస్తున్నా", "ఉప్పెన తర్వాత పంటకు పుట్టా" అంటారు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. పది వేలమందికి పైగా చనిపోయారు. ఆ తేదీ కూడా పెద్దదే. ఝాన్సీ లక్ష్మీబాయి 1828లో, ఇందిరాగాంధీ 1917లో పుట్టింది నవంబరు 19నే. నాగాయలంకలో ఆ తేదీకి మాత్రం వేరే అర్థమేదీ ఉండదు.

ఇప్పుడు నా రిజిస్టరు. మా దగ్గర యానాది, ఎరుకల, సుగాలి పిల్లలు ఉంటారు. పుట్టిన తేదీ గడిలో జులై 1 చాలాసార్లు కనబడుతుంది, జూన్ 15 కూడా అంతే. ఒక ఇంటి ముగ్గురు అక్కచెల్లెళ్లకు ఏడాది తేడాతో ఒకే తేదీ ఉండడం చూశాను. బడిలో చేర్చుకునేటప్పుడు వయసు ఐదు నిండాలి, కాగితం లేదు, అమ్మానాన్న చెరువుల కాపలాకో కోతలకో వెళ్లారు, చేర్పించే మాస్టారు పాప ఎత్తు చూసి ఒక తేదీ వేసేశారు. పిల్ల బడిలో పడాలనే మంచి ఉద్దేశంతోనే వేశారు. ఆ తేదీ పదో తరగతి సర్టిఫికెట్ మీదికి ఎక్కితే ఇక జీవితాంతం అదే. ఏడాది ఎక్కువ వేస్తే గురుకులం ప్రవేశ పరీక్షకు వయసు దాటిపోతుంది. ఆడపిల్లకైతే ఇంకో ప్రమాదం ఉంది. కాగితం మీద పద్దెనిమిది నిండుతుంది, అసలు వయసు పదహారో పదహారున్నరో ఉంటుంది. పెళ్లి ఆపుదామని వెళ్లినవాళ్లకు పెద్దమనుషులు సర్టిఫికెట్ తీసి చూపిస్తారు.

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. ఇరవై ఒక్క రోజుల్లో చెబితే రుసుము లేదు. ముప్పై రోజుల దాకా ఆలస్య రుసుము కడితే సరిపోతుంది. ఏడాది లోపల జిల్లా రిజిస్ట్రార్ అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023లో చట్టం సవరించి, ఆ అక్టోబరు 1 తర్వాత పుట్టిన బిడ్డలకు బడి ప్రవేశం, ఓటరు జాబితా, డ్రైవింగ్ లైసెన్సు, ఆధార్, ప్రభుత్వ ఉద్యోగం, అన్నిటికీ పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే అన్నారు. ఎత్తు చూసి తేదీ వేసే రోజులు పోతాయి, మంచిదే. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డకు ఇబ్బంది లేదు. రొయ్యల చెరువు గట్టు మీద పాకలో పుట్టి, నెల తిరగకముందే ఇంకో మండలానికి వలస పోయిన బిడ్డ సంగతి ఏమిటి? ఆ బిడ్డలు 2028, 2029లో మా గుమ్మంలోకి వస్తారు. మన సంఘం కార్యకర్తలు జయంతులకు ఎంత తిరుగుతారో, ఈ పనికి కూడా ఆశా కార్యకర్తలతో కలిసి అంత తిరిగితే బాగుంటుందని నా మనవి. తల్లీబిడ్డల టీకాల కార్డు ఒక్కటి దాచుకున్నా సగం పని అయినట్టే. ఏడాది దాటిన కేసుకు ఆర్డీఓ దగ్గరికి దరఖాస్తు వెళ్తుంది. 2022 నుంచి ఆ కార్యాలయం ఉయ్యూరులోనే ఉంది, బందరు వెళ్లక్కర్లేదు.

తేదీ తెలియదు అన్నవాళ్లను రెండు ప్రశ్నలు అడిగి చూడండి. ఇటీవల ఒక పాప నాయనమ్మ వచ్చింది. రిజిస్టర్లో పాపకు 2013 జులై 1 అని ఉంది. "అప్పుడు ఎండలమ్మా, వానలు కాదు" అంది మామ్మ. ఇంకేం గుర్తుందంటే, శ్రీరామనవమి పందిరి అప్పటికే తీసేశారట, మర్నాడు నిండు పున్నమట, పోటు గట్టు దాకా వచ్చిందట. ఏ ఏడాది అని అడిగితే ఓట్లకు మైకులు తిరుగుతున్న ఏడాది అంది. రాష్ట్రం విడిపోతుందని గొడవలు అయిన ఏడాదేనట. నేను 2014 పంచాంగం తీశాను. శ్రీరామనవమి ఏప్రిల్ 8. చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 15. అంటే పాప పుట్టింది ఏప్రిల్ 14, సోమవారం. "ఆ రోజు ఊళ్లో ఏమన్నా జరిగిందా మామ్మా?" అన్నాను. "సెంటర్లో బొమ్మకి దండలేస్తున్నారు, మంత్రసానిని పిలవడానికి ఆ గుంపులోంచే పోయా" అంది. అంబేద్కర్ జయంతి.

దరఖాస్తు పెట్టాం. మామ్మ వేలిముద్ర వేసింది, ఆ రోజు కాన్పు చేసిన ఆవిడ కూడా వచ్చి వాంగ్మూలం ఇచ్చింది. కాగితం ఇంకా రాలేదు. పాప మాత్రం ఆగలేదు. అన్ని నోటుపుస్తకాల అట్టల మీదా జులై 1 కొట్టేసి, పక్కన 14-4-2014 అని రాసుకుంది.